నాలుగో బస్తాకు బహిరంగ లేఖ

నాలుగో యూరియా బస్తా,

ఈ ఉత్తరం మొదటి బస్తాకు కాదు, రెండో బస్తాకూ కాదు. ఆ రెండింటి రుణం మేం తీర్చుకోలేం. మూడోదానితోనూ నాకు పేచీ లేదు. నేలను బట్టి, రకాన్ని బట్టి, యాసంగి చలిని బట్టి అదీ అవసరపడొచ్చు. ఎకరం వరిపొలంలో ఆ మూడూ పడ్డాక, "ఎందుకైనా మంచిది" అన్న ఒక్క మాట మీద మడిలోకి దిగేదానివి నువ్వు. అందుకే నీకు రాస్తున్నాను. నువ్వు చేసే చెరుపు ఒక్క మడితో ఆగదు కాబట్టి అందరూ వినేటట్టు రాస్తున్నాను.

జగిత్యాలలో కాకతీయ కాలువ నీళ్లు పారినంత మేరా నువ్వు పారావు. కోరుట్ల చుట్టుపక్కల వరి, మక్క, పసుపు అన్నిట్లోనూ చొరబడ్డావు. సిరిసిల్లలో నర్మాల ఎగువ మానేరు నుంచి మిడ్ మానేరు దాకా నిన్ను చల్లని ఊరు అరుదు. ఇరవై ఏళ్ల కింద మా దగ్గర చాలా భూముల్లో పంటలు మారేవి. పెసర, కంది, నువ్వులు, చెరుకు ఉండేవి. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు వేసినవాళ్లు చాలామంది వరికి మళ్లారు. కాలువలకు నీళ్లొచ్చాయి, 2018 నుంచి బోర్లకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. వానకాలం వరి, యాసంగి వరి. నేలకు నత్రజని కూడబెట్టే పెసర, కంది వెళ్లిపోయాయి. ఆ ఖాళీలోకి నువ్వొచ్చి కూర్చున్నావు.

ముందుగా నీ జాతికి దక్కాల్సిన గౌరవం ఇచ్చి మాట్లాడతాను. నత్రజని లేనిదే ఆకు పచ్చబడదు, పిలక పుట్టదు, గింజ నిండదు. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే ఉన్నా వరి దాన్ని నేరుగా అందుకోలేదు. ఆ గాలిని గింజలుగా మార్చి సంచిలో పెట్టిన విద్య వల్లే కరువు రోజులు దాటాం. మా పొరుగునే రామగుండంలో 1980లో బొగ్గుతో యూరియా తీయడం మొదలైంది. 1999లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2021లో గ్యాసుతో మళ్లీ నిలబడింది, ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో. దాని పొగగొట్టం కనబడే ఊళ్లలోనూ రైతులు దాన్ని తిట్టుకోరు, దాని ఉత్పత్తి ఆగిన రోజున భయపడతారు. యూరియా మీద నాకు పగ లేదు. లెక్క దాటినదాని మీదే నా ఫిర్యాదు.

ఆ లెక్క చూద్దాం. బస్తాకు 45 కిలోలు. అందులో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల 700 గ్రాములు. మా ఉత్తర తెలంగాణ వరికి వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్తూ వస్తున్నది ఎకరానికి 48 కిలోల చుట్టుపక్కల నత్రజని. అది రెండు బస్తాలకు కొంచెం పైమాట. అడుగుమందుగా వేసే ఒక్క డీఏపీ బస్తాలోనే మరో 9 కిలోల నత్రజని ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలో కట్టరు. నువ్వు కూడా పడితే మొత్తం 90 కిలోలు దాటుతుంది. చెప్పినదానికి దాదాపు రెట్టింపు. పోనీ, వేసిందంతా వరి తింటుందా అంటే అదీ లేదు. చల్లిన నత్రజనిలో మూడో వంతు, మహా అయితే అంతకు కొంచెం ఎక్కువ పైరుకు అందుతుంది. మిగతాది ఎటు పోతుందో మేం అడగలేదు, నువ్వు చెప్పలేదు.

ఒడ్డు మీద నిన్ను విప్పిన చోటును ఎవరైనా వంగి చూడొచ్చు. సంచి కుట్టు లాగినప్పుడు నాలుగు గుప్పిళ్లు కింద ఒలుకుతాయి. తెల్లటి పూసలు. తడి చేత్తో ముడితే చల్లగా తగులుతాయి. రెండు మూడు రోజులకు అక్కడి గరిక కాలినట్టు ఎర్రబడి చచ్చిపోతుంది. ఆ చోటుకు ఆనుకొని మడిలో మాత్రం ఒక జానెడు మేర వరి నల్లపచ్చగా, పక్క దుబ్బుల కంటే బెత్తెడు ఎత్తుగా లేస్తుంది. చూసేవాళ్లు అది బలం అనుకుంటారు. ఆకు మెత్తబడి, కాండం పీచుపోయి, గొలుసు పాలు పోసుకునే వేళకు చిన్న గాలివానకే మొట్టమొదట ఒరిగేది ఆ గుంపే. సుడిదోమ ముందు దిగేది అక్కడే. పొడతెగులు ముందు పట్టేది అక్కడే. అగ్గితెగులుకూ ఆ మెత్తటి ఆకే ఇష్టం. ఎకరమంతా నిన్ను చల్లడమంటే ఆ జానెడు జబ్బును ఎకరమంతా పరచడమే.

ఆ తర్వాత రైతు మందుల దుకాణానికి పోతాడు. దోమకు ఒకటి, తెగులుకు ఒకటి, రెండూ కలిపి కొట్టే సీసా మరొకటి. నీ ధర 266 రూపాయల 50 పైసలే. నీ వెంట వచ్చే పురుగుమందుల ఖర్చు వేలల్లో ఉంటుంది. పోలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం మాకు వరిలో జగిత్యాల సన్నాలు ఇచ్చింది, జగిత్యాల సాంబ ఇచ్చింది, జగిత్యాల రైస్-1 ఇచ్చింది. సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా 2024 వానకాలంతో మొదలైంది. సన్నాలకు పడిపోవడం, తెగులు రెండూ శత్రువులు. వాటిని పెంచి బోనస్ వచ్చే పంటను బురదలో పడుకోబెట్టేది నువ్వు.

ఇక మడి దాటి నువ్వు పోయే దారులు చెప్తాను. మొదటి దారి గాలి. మట్ట మధ్యాహ్నం, నిలిచిన నీళ్లలో నిన్ను చల్లితే నువ్వు అమోనియాగా మారి ఎగిరిపోతావు. ఎండకు మడి నీళ్లలో నాచు పని చేసి నీటి క్షారగుణం పెరుగుతుంది కనుక అదే వేళ నీ నష్టం ఎక్కువ. నీళ్లు తీసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీళ్లు పెట్టమని పంచాంగాలు మొదలు రేడియో దాకా మొత్తుకోవడానికి ఇదే కారణం. ఇంకొంత భాగం నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. అది బొగ్గుపులుసు వాయువు కన్నా 270 రెట్లకు పైగా భూమిని వేడెక్కించే వాయువు. అకాల వడగండ్లు కల్లాల్లోని వడ్ల మీద పడ్డప్పుడు మేం ఆకాశాన్ని తిడతాం. ఆ ఆకాశాన్ని మార్చేవాటిలో నీ వంతూ ఉంది.

రెండో దారి కాలువ. మడి నిండి పొర్లితే నీళ్లు వాగులోకి, వాగు నుంచి చెరువులోకి. చెరువులో నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క కమ్ముతుంది, రాత్రిళ్లు నీళ్లలో ఊపిరి తగ్గి చేపలు తేలుతాయి. చెరువును నమ్ముకున్న ముదిరాజులు, గంగపుత్రులు ఒక్క బస్తా కొనలేదు, నష్టం మాత్రం వాళ్ల వలలో పడింది. జగిత్యాల వైపు వాగులు చివరికి గోదావరిలో కలుస్తాయి. సిరిసిల్ల వైపు నీళ్లు మానేరుకు చేరతాయి. ఆ మానేరు నీళ్లే శుద్ధి అయి పైపుల్లో మళ్లీ ఇళ్లకు వస్తున్నాయి.

మూడో దారి నేల లోపలికి. ఇదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నైట్రేట్‌గా మారిన నత్రజనిని మట్టి పట్టి ఉంచలేదు. అది నీటితో కిందికి దిగి బావిలో, బోరులో కలుస్తుంది. తాగేనీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన దేశపు ప్రమాణం. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో తెలంగాణ నుంచి తీసిన నమూనాల్లో నాలుగింట ఒకటికి మించి ఆ హద్దు దాటాయి. న్యాయంగా చెప్పాలంటే ఆ పాపమంతా నీది కాదు. మురుగుకాలువలకు, మరుగుదొడ్ల గుంతలకు, పశువుల కొట్టాలకు అందులో వాటా ఉంది. కానీ పంటపొలాల నడుమ ఊరవతల బోరు నీళ్లు చెడితే వేలు చూపించడానికి ముందు గుర్తొచ్చేది నువ్వే.

నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాగబెడితే పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నెలల పసికందుకు ఆ నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోయలేక పెదాలు, గోళ్లు నీలమవుతాయి. బిడ్డ మేలు కోరి నీళ్లు బాగా కాచి చల్లార్చే తల్లికి ఆ కాచడమే ఎదురుతిరుగుతుందని ఎవరు చెప్పారు? సిరిసిల్లలో మరమగ్గాల మీద పన్నెండు గంటలు నిలబడే నేతకార్మికుడికి గుంట భూమి లేదు. అతని ఇంటి నీళ్ల మీద నీకేం హక్కు?

ఇంత చెప్పాక, నిన్ను ఆపడానికి వచ్చిన నియమాలను రైతు ఎందుకు ఎదిరించాడో కూడా చెప్పాలి. లేకపోతే ఈ ఉత్తరం న్యాయం తప్పుతుంది.

మా నేల నియమాలను తల వంచుకొని మోసే నేల కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్రకు కూలీలు, పేద రైతులు వేలల్లో కదిలారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో జగిత్యాల, కోరుట్ల సెగ్మెంట్లున్న నిజామాబాద్ నియోజకవర్గంలో 185 మంది పోటీలో నిలిచారు. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ధర కోసం, పసుపు బోర్డు కోసం బ్యాలెట్టునే ఆయుధం చేసుకున్నారు. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్‌లో మొదలైంది. ఇలాంటి రైతుకు "తక్కువ వాడు" అని చెప్తే ఎందుకని అడుగుతాడు. అడగడం అతని హక్కు.

నీ మీద వచ్చిన నియమాలు ఎలా వచ్చాయి? 2015లో యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. నత్రజని నెమ్మదిగా విడుదల కావడానికి, యూరియా దొంగదారిన వేరే ఫ్యాక్టరీలకు పోకుండా ఉండడానికి. అది మంచి పని, రైతుకు దాంతో కష్టం లేదు. 2018లో 50 కిలోల సంచిని 45 కిలోలు చేశారు. బస్తాల లెక్కన వేసే అలవాటు ఉంది కాబట్టి, సంచి చిన్నదైతే వాడకం తగ్గుతుందన్నది ఆలోచన. రైతుతో కూర్చొని మాట్లాడకుండా సంచి కోసేస్తే ఏమవుతుంది? రైతు ఇంకో సంచి కొన్నాడు. నాలుగో బస్తావైన నువ్వు పుట్టడానికి ఆ కోతా ఒక కారణం. ఆ తర్వాత ఆధార్, వేలిముద్ర, మిషను. పట్టా పాసుబుక్కు అడిగే చోట, పాసుబుక్కు లేని కౌలురైతు యజమాని చుట్టూ తిరగాలి. పొలంలో చెమటోడ్చేది ఒకరు, కాగితం మీద ఎరువు పొందేది ఇంకొకరు.

2025 వానకాలం సంగతి ఇంకా పచ్చిగానే ఉంది. ఆగస్టులో రామగుండం ఫ్యాక్టరీలో సాంకేతిక లోపంతో ఉత్పత్తి ఆగింది, బయటి నుంచి రావాల్సిన సరుకు ఆలస్యమైంది. నాట్లు పడి పైమందు వేసే అదనులో సింగిల్ విండోల ముందు వరుసలు. చెప్పులు, పాసుబుక్కులు, రాళ్లు వరుసలో పెట్టి చెట్ల కింద కూలబడిన ముసలివాళ్లు. తెల్లవారుజామున పిల్లలను చంకనేసుకొచ్చిన ఆడవాళ్లు. ఒక్కొక్కరికి ఒకటో రెండో బస్తాలు. రాస్తారోకోలు. ఆ వరుసలో నిల్చున్న మనిషి ముందు "నత్రజని కాలుష్యం" అని నోరు తెరిస్తే అతనికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు. "మాకు రెండు బస్తాలకే దిక్కు లేదు, నువ్వు ఎక్కువైందంటవా?" అంటాడు. నిజమే. కొరతనే పొదుపు నియమంగా చూపించిన పాలన అతన్ని మోసం చేసింది. కొరత వల్ల వాడకం తగ్గదు, దాచుకోవడం పెరుగుతుంది. వచ్చే సారి దొరుకుతుందో లేదోనని నలుగురి పేర్ల మీద తెచ్చి ఇంటి వెనక పేర్చుకున్న బస్తాలు చివరికి ఎక్కడ పడతాయి? అదే మడిలో, అదనుతో పని లేకుండా. కొరత ఏడాది కూడా నువ్వు బతికిపోయింది అందుకే.

సీసాల సంగతి మరొకటి. నానో యూరియా సీసా కొంటేనే బస్తా ఇస్తామని అంటగట్టిన చోట్ల రైతులు గొడవకు దిగారు. వాళ్ల అనుమానం గాలి కబురు కాదు. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం జరిపిన రెండేళ్ల పరీక్షల్లో, నేలకు వేసే నత్రజని తగ్గించి నానో యూరియా పిచికారీ చేస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ 21.6 శాతం పడిపోయాయి. తేలని మందును రైతు పొలం మీద తేల్చుకోవాలనుకోవడం తప్పు. దాన్ని పర్యావరణం పేరు మీద అమ్మడం ఇంకా తప్పు.

బయటి దేశాలు నేర్పిన పాఠమూ ఇదే. శ్రీలంక 2021 ఏప్రిల్‌లో రసాయన ఎరువులను ఒక్క ప్రకటనతో నిషేధించింది. వరి పడిపోయింది, తేయాకు పడిపోయింది, రైతులు వీధుల్లోకి వచ్చారు. నవంబరులో ఆ నిషేధాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. నెదర్లాండ్స్‌లో పశువుల పెంట నుంచి వచ్చే నత్రజనిని 2030 నాటికి సగానికి తగ్గించాలన్న ప్రతిపాదనల మీద 2022లో రైతులు ట్రాక్టర్లతో రహదారులు దిగ్బంధం చేశారు. 2023 మార్చిలో రైతుల పార్టీ ప్రాంతీయ ఎన్నికల్లో మొదటి స్థానంలో నిలిచింది. ఆ రెండు దేశాల్లోనూ నత్రజని సమస్య నిజమే. మార్పుకు ఖర్చెవరు పెట్టుకోవాలన్న మాట దగ్గరే కథ అడ్డం తిరిగింది. రైతు ఒక్కడి నెత్తిన పెడితే ఏ దేశంలోనైనా అదే జరుగుతుంది.

అయితే నాలుగో బస్తా, రైతు కోపంలో న్యాయం ఉన్నంత మాత్రాన నీకు న్యాయం ఉన్నట్టు కాదు. నువ్వు రైతు కోపం వెనక దాక్కుంటున్నావు. వరుసలో నిలబడ్డ మనిషి తనకు హక్కుగా రావాల్సిన మొదటి రెండు బస్తాల కోసం నిలబడ్డాడు. ఆ కష్టాన్ని చూపించి నిన్ను సమర్థించడం అతనికే అన్యాయం.

నీ అసలు బలం ఎక్కడుందో చెప్తాను. 2010లో కేంద్రం భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలను కంపెనీలకు వదిలింది. యూరియా ధరను మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. ఇప్పుడు డీఏపీ బస్తా 1,350 రూపాయలు, పొటాష్ 1,500 పైన, నువ్వు 266 రూపాయల 50 పైసలు. నీ అసలు ఖర్చు రెండు వేల రూపాయల పైమాటే, ఆ తేడా ఖజానా కడుతోంది. పొలానికి మూడు ఎరువులూ తగుపాళ్లలో కావాలి. నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 ఉండాలని పెద్దల మాట. దేశంలో పొటాష్ ఒక వంతు పడితే నత్రజని పది వంతులు దాటి పడుతోంది. పొటాష్ తక్కువైన వరికి కాండం గట్టిపడదు, తాలు ఎక్కువవుతుంది. అప్పుడు రైతు చేతికి చవకగా దొరికేది నువ్వే కనుక మళ్లీ నిన్నే వేస్తాడు. నిన్ను పొలంలోకి తోసింది రైతు అత్యాశ అనేవాళ్లు ఈ ధరల పట్టిక ఒకసారి చూడాలి.

కౌలు ఎకరానికి వేలల్లో కట్టి, వడ్డీకి తెచ్చి పెట్టుబడి పెట్టినవాడికి 266 రూపాయలు ధైర్యం ఖరీదు. పక్క మడి పచ్చగా కనబడితే తన మడి పాలిపోయినట్టు అనిపిస్తుంది. సలహా చెప్పేది ఎక్కువచోట్ల ఎరువు అమ్మే దుకాణమే. ఈ భయాన్ని తిడితే పోదు. కళ్లతో చూపిస్తే పోతుంది.

చూపించే సాధనం ఉంది కూడా. ఆకు రంగుల పట్టిక. పచ్చరంగు లేతది మొదలు ముదురుదాకా పట్టీలున్న చిన్న ప్లాస్టిక్ ముక్క. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య పొలంలోకి దిగి, ఎండ పడకుండా మన నీడనే అడ్డం పెట్టుకొని, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును తుంచకుండా మధ్యభాగాన్ని పట్టీ మీద ఆనించి చూడాలి. అలా అక్కడక్కడ పది దుబ్బులు. సగానికి మించి ఆ రకానికి చెప్పిన రంగు కన్నా పాలిపోయి ఉంటేనే పైమందు. లేకపోతే వద్దు. చదువు రాని అవ్వ కూడా పది నిమిషాల్లో నేర్చుకోగల పని ఇది. పక్క మడి పచ్చదనం చూసి పెట్టుకునే భయానికి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు.

నీ కుర్చీలో కూర్చోబెట్టడానికి మరొకటి ఉంది: జీలుగ. నాట్లకు ముందు చల్లి, పూత వేళకు కలియదున్నితే ఎకరానికి నీ ఒక్క బస్తాకు సరిపడా నత్రజని, దానిపైన నేలకు మెత్తదనం. జనుము, పిల్లిపెసర కూడా అంతే. రైతుకు ఇవి ఇష్టం లేవని ఎవరన్నా అంటే నమ్మకండి. 2024 మే నెలలో ఉత్తర తెలంగాణ ఊళ్లలో జీలుగ విత్తనాల కోసం కూడా రైతులు వరుసలు కట్టారు. నిన్ను వద్దనుకోవడానికి వచ్చిన రైతును కూడా నీ కోసం వచ్చినవాడిలాగే ఎండలో నిలబెట్టాం. మన వ్యవస్థ తప్పు ఆ ఒక్క వరుసలో అంతా కనబడుతుంది.

నీటి విలువ మా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. జగిత్యాల జిల్లా స్తంభంపల్లిలో, పొరుగున నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వస్తే నీళ్లు, గాలి చెడతాయని రోడ్డెక్కింది రైతులే. ఫ్యాక్టరీ గొట్టం నుంచి వచ్చే కాలుష్యాన్ని అంత గట్టిగా గుర్తుపట్టిన కళ్లు, మన ఒడ్డు తూము నుంచి పోయేదాన్నీ గుర్తుపట్టగలవు. పట్టాలి.

కాబట్టి నాలుగో బస్తా, నీతో నా మాట ఇంతే. మా మడిలోకి ఇక రాకు. మిగిలినవి మనుషులతో చెప్పుకోవాల్సిన మాటలు.

ఢిల్లీ ప్రభుత్వానికి: ఒక్క యూరియానే చవకగా ఉంచి పొటాష్‌ను రైతుకు అందకుండా చేసిన ధరల విధానాన్ని సరిచేయండి. యూరియా ధర పెంచి చేతులు దులుపుకోవద్దు. మూడు ఎరువుల సబ్సిడీని సమతూకంలో పెట్టండి. 2023లో ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకంలో, రసాయన ఎరువులు తగ్గించి మిగిల్చిన సబ్సిడీలో సగం రాష్ట్రానికి ఇస్తామన్నారు. ఆ సగం రైతు చేతిదాకా రావాలి.

హైదరాబాద్ ప్రభుత్వానికి: పొరుగున ఆంధ్రప్రదేశ్ 2025లో, తగ్గించిన ఒక్కో యూరియా బస్తాకు 800 రూపాయలు రైతుకు ఇస్తామని ప్రకటించింది. ప్రకటన అమలుగా మారడం వేరే సంగతి, కానీ దిశ సరైనది. నాలుగో బస్తా వద్దన్నవాడికి డబ్బివ్వండి, మొదటి రెండు బస్తాలు అదనుకు ఇంటి దగ్గరికి చేరేటట్టు చూడండి. కౌలురైతును రైతుగా గుర్తించండి. రాష్ట్రంలో 2,600 రైతు వేదికలు కట్టారు. నాట్లకు ముందే అక్కడ మట్టి పరీక్ష ఫలితం, ఆకు రంగుల పట్టిక, జీలుగ విత్తనం దొరకాలి. ఊరి బోర్లలో నైట్రేట్ ఎంతుందో ఏటా పరీక్షించి పంచాయతీ గోడ మీద రాయించండి. నీళ్ల లెక్క కళ్లముందు ఉంటే నియమం చెప్పడానికి పోలీసు అక్కర్లేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు: బస్తాల కోసం కొట్లాడండి, అది మన హక్కు. మనకు చెప్పకుండా, మనకు ఆసరా ఇవ్వకుండా నెత్తిన పెట్టే నియమాన్ని ఎదిరించండి. ఆ కొట్లాటలో జీలుగ, పొటాష్, మట్టి పరీక్ష, నీళ్ల పరీక్ష కూడా మన డిమాండ్లు కావాలి. ఈ వచ్చే పంటకు ఉన్నదంతా వదలక్కర్లేదు. ఒక్క మడిలో, పది గుంటల్లో, నాలుగో బస్తా ఆపి చూడండి. కోత రోజున ఆ మడి వడ్లను వేరుగా తూకం వేయండి. దోమ మందుకు, తెగులు మందుకు పెట్టిన ఖర్చు వేరుగా రాసుకోండి. ఏ అధికారి మాటా, ఏ పత్రిక రాతా నమ్మక్కర్లేదు. మీ కాంటా చెప్పిందే నమ్మండి.

ఇట్లు,
ఒక రైతుబిడ్డ, జగిత్యాల